బాలీసు మీద చెయ్యి

సదాశివరావు గారు లేచి నిలబడ్డారంటే సమావేశం ముగిసినట్టే.

ఆ మాట పార్టీ నిబంధనల్లో ఎక్కడా లేదు. పార్టీని స్థాపించిన పెద్దమనిషి నాటి నుంచి అలా జరుగుతూ వచ్చింది, అంతే. జాతీయ కార్యవర్గం కుర్చీల్లో కూర్చోదు. నేల మీద పరుపులు పరిచి, వాటి మీద తెల్ల దుప్పట్లు వేసి, వీపు వెనక ఆనుకోవడానికి బాలీసులు, లావుపాటి గుండ్రటి దిండ్లు, పెడతారు. అధ్యక్షుడు అందరి మాటా విని చివర్లో మాట్లాడతాడు. ఆయన లేస్తే అందరూ లేవాలి. లేచాక ఇంకెవరూ కొత్త ప్రస్తావన తేకూడదు.

అధ్యక్షుడిగా సదాశివరావు గారు ఆ మర్యాదను కత్తిలా వాడుకున్న రోజులు ఉన్నాయి. ఒకసారి కోశాధికారి వర్గం ఆయన మీద అవిశ్వాస తీర్మానం జేబులో పెట్టుకుని వచ్చింది. వాళ్ళలో ఒకడు గొంతు సవరించుకుంటూ ఉండగానే ఆయన బంతిలా లేచి నిలబడి, కండువా సర్దుకుని, "పదండి, అన్నాలు చల్లారిపోతాయి," అన్నారు. అంతటితో అయిపోయింది. ఆ తీర్మానం మళ్ళీ జేబులోంచి బయటికి రాలేదు. ఆ రోజు వంటశాలలో గోంగూర పచ్చడి వేశారని, కోశాధికారి రెండోసారి అడిగి వేయించుకున్నాడని రాజగోపాల్ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

రాజగోపాల్ ఆయన ఆంతరంగిక కార్యదర్శి. దర్శి దగ్గర ముండ్లమూరు నుంచి డిగ్రీ పూర్తి చేసుకుని ఢిల్లీకి వచ్చి ఆయన దగ్గర చేరాడు. జుట్టు నెరిసింది, ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కున్నాడు, కూతురు కాలేజీకి వచ్చింది. కానీ పెద్దాయన సదాశివరావు గారికి ఇప్పటికీ "ఏవయ్యా రాజగోపాలం" గానే మిగిలాడు.

గత రెండేళ్ళుగా పెద్దాయన తనంతట తాను లేవలేకపోతున్నారన్న సంగతి ఈ లోకంలో కొద్దిమందికే తెలుసు. భార్య జానకీదేవికి తెలుసు. డాక్టరుకు తెలుసు. రాజగోపాల్‌కు తెలుసు. చేతి వణుకును కండువా మడతల్లో దాచవచ్చు. మోకాళ్ళు బిగుసుకుపోవడాన్ని దాచలేం. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. రాజగోపాల్ ఆయన వెనక, ఎడమ పక్కగా, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. పెద్దాయన ఎడమచేత్తో బాలీసును రెండుసార్లు తడతారు. ఫైలు అందుకోవడానికన్నట్టు రాజగోపాల్ ముందుకు వంగి, తన ముంజేతిని ఆయన మోచేతి కిందికి పోనిస్తాడు. ఆయన బరువంతా ఆ చేతి మీదికి వస్తుంది. చూసేవాళ్ళకు పెద్దాయన లేచినట్టూ, కార్యదర్శి వినయంగా వంగినట్టూ కనిపిస్తుంది.

"నాటకాల్లో చేరాల్సినవాడివయ్యా," అన్నారాయన మొదటిసారి అది కుదిరినప్పుడు.

"మీ పక్కన ఉంటే వేరే నాటకమెందుకండీ," అన్నాడు రాజగోపాల్. పెద్దాయన చాలాసేపు నవ్వారు.

పార్టీకి రోజులు బాగాలేవు. మూడు రాష్ట్రాలు వరసగా చేజారాయి. పార్లమెంటు ఎన్నికలు ఏడాదిలోకి వచ్చాయి. చిత్రమేమిటంటే, ఓడినకొద్దీ ఆయన సభలకు జనం పెరిగారు. ఘాజియాబాద్‌లో, మీరట్‌లో, ఆయన హిందీలో ఒంగోలు యాస వినడానికి ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవారు. ఆయన వేదిక దిగి జనంలోకి వెళ్ళి ఒక్కొక్కరినీ "ఏ ఊరు?" అని అడిగేవారు. ఊరు చెబితే, ఆ ఊళ్ళో తనకు తెలిసిన మనిషి పేరు చెప్పేవారు. జనం ఆయన్ను చూడటానికి వచ్చేవారు, ఓటు మాత్రం ఇంకొకరికి వేసి వెళ్ళేవారు. దాని అర్థం ఆయనకు చివరిదాకా అందలేదు.

ఘాజియాబాద్ సభలోనే మొదటి తప్పు జరిగింది. వేదిక మెట్ల మీద పెద్దాయన కాలు కదలకుండా నిలిచిపోయింది. జనం జేజేలు కొడుతున్నారు. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపుతున్నారు కానీ కిందికి దిగడం లేదు. రాజగోపాల్ వెళ్ళి చెవిలో ఏదో చెబుతున్నట్టు నటించి, పాదం కదిలేదాకా భుజంతో ఆనించుకుని నిలబడ్డాడు. అదంతా పార్టీ ప్రధాన కార్యదర్శి సుభాషిణి కింది నుంచి చూసింది.

సుభాషిణిది నల్లగొండ. విద్యార్థి సంఘంలో పోస్టర్లు అంటించే పిల్లను పెద్దాయనే పైకి తెచ్చి, ఎంపీని చేసి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె పెళ్ళికి కన్యాదానం చేసింది కూడా ఆయనే. తిరుగు ప్రయాణంలో ఆమె రాజగోపాల్‌ను తన కారులో ఎక్కించుకుంది.

"అన్నా, సార్‌కు ఏమైంది?"

"ఏమీ లేదమ్మా. అలసట."

"నాకు నాయన లేడు. ఉన్న నాయన ఆయనే. నాకు గూడ చెప్పవా?"

ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి. రాజగోపాల్ చాలాకాలంగా ఒక్కడే మోస్తున్న బరువు అది. చెప్పేశాడు. వణుకు సంగతి, మోకాళ్ళ సంగతి, బాలీసు సంగతి. రెండు తట్లు ఎలా తడతారో కారు సీటు మీద కొట్టి చూపించాడు కూడా.

"అంటే ఇన్నాళ్ళ సంది ఈ పార్టీని నిలబెడుతున్నది నీ చెయ్యేనన్నమాట," అంది.

ఆ మాట విన్నప్పుడు రాజగోపాల్ కాదనబోయాడు. కానీ కాదనలేదు. ఇంటికి చేరి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు కూడా ఆ మాట గుర్తొచ్చింది. గౌరి అన్నం పెట్టి, "ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అని అడిగింది.

మూడో రాష్ట్రం ఫలితాలు వచ్చిన మర్నాడు కార్యవర్గ సమావేశం తేదీ ఖరారైంది. పెద్దాయన ఇంట్లో నలుగురు కూర్చుని ఉండగా సుభాషిణి మెల్లగా కదిపింది.

"సార్, ఈసారి కుర్చీలు వేయిస్తే బాగుంటది గదా. చలికాలం. పెద్దవాళ్ళందరికీ నేల మీద కష్టమైతది."

పెద్దాయన ముఖం ఎర్రబడింది. "ఎవరికమ్మా కష్టం? నాకా?"

"అయ్యో, మీకని కాదు సార్."

"కుర్చీలు వేయిస్తే తెల్లారేసరికి పేపర్లలో నా మోకాళ్ళ గురించి రాస్తారు. నేలే. పరుపులే. దుప్పట్లు ఉతికించండి, చాలు."

"మీ ఇష్టం సార్," అంది సుభాషిణి, తల వంచుకుని. ఆయన అలాగే అంటారని ఆమెకు ముందే తెలుసునన్న సంగతి రాజగోపాల్‌కు ఆ క్షణంలో తట్టలేదు. తర్వాత చాలాసార్లు తట్టింది.

అదే వారం జానకీదేవి అతన్ని వంటింటి గుమ్మం దగ్గరకు పిలిచింది. ఆవిడ రాజకీయాలు మాట్లాడే మనిషి కాదు. చేతిలో కాఫీ గ్లాసు పెట్టి, అతను తాగేదాకా చూస్తూ నిలబడింది.

"నాయనా, మళ్ళీ దేశమంతా తిరుగుతారట కదా."

"ఎన్నికలు కదమ్మగారూ."

"పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకోలేక కూర్చుని ఏడ్చారు. నేను చూశానని తెలియదు. ఈ మనిషి ఏ ఊళ్ళోనో వేదిక మీద పడి చచ్చిపోతే, వాళ్ళు ఆ శవాన్ని కూడా ఊరేగించి ఓట్లడుగుతారు. ఇంటికి తీసుకురా నాయనా. నీ మాట వింటారు."

"నా మాట వినరమ్మగారూ."

"మరి ఎవరి మాట వింటారు?" అని ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సమావేశానికి ముందురోజు సాయంత్రం సుభాషిణి ఇందిరాపురం వచ్చింది. అంత పెద్ద మనిషి తమ ఫ్లాటుకు వచ్చిందని గౌరి కంగారుపడి పకోడీలు వేసింది. కూతురు హాసిని ఒక సెల్ఫీ తీసుకుని తన గదిలోకి పోయింది. సుభాషిణి పకోడీలు బాగున్నాయని మెచ్చుకుని, రెండు తిని, రాజగోపాల్‌తో పాటు బాల్కనీలోకి వచ్చింది. బయట పొగమంచుకు ఎదుటి టవర్ కూడా కనిపించడం లేదు.

"అన్నా, ఒక్క మాట అడుగుత. కోపం చేసుకోకు."

"చెప్పమ్మా."

"రేపు త్యాగీజీ తీర్మానం పెడ్తడు. అధ్యక్షుడు మారాలని. మూడొంతుల మంది మా దిక్కున్నరు." త్యాగి అంటే ధరమ్‌వీర్ త్యాగి, పశ్చిమ యూపీ పెద్దమనిషి, పార్టీ ఉపాధ్యక్షుడు. "సార్‌కు వాసన తగిలితే లేచి నిలబడ్తడు. ఆ తర్వాత మేం ఏం చేసినా పార్టీ రెండు ముక్కలైతది."

రాజగోపాల్ రెయిలింగ్ పట్టుకున్నాడు. "నన్నేం చెయ్యమంటావ్?"

"ఏం చెయ్యొద్దు. నేనడిగేది గదే. ఏం చెయ్యకు. అయిదు నిమిషాలు. తీర్మానం అయిపోంగనే నువ్వే లేపు. తలుపులు మూసి ఉంటయ్. కెమెరాలు లోపలికి రావు. సార్ లేచి నిలబడి, తనే నా చెయ్యెత్తి అందరికీ చూపించినట్టు చేద్దాం. గౌరవ అధ్యక్షుడంటం. బంగళా ఉంటది, కారు ఉంటది. తిరుగుడు ఒక్కటే ఉండదు."

"ఆయనతో సూటిగా చెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు చెప్పినవా ఎప్పుడన్నా?"

రాజగోపాల్ కనిపించని ఎదుటి టవర్ వైపు తిరిగాడు.

"అమ్మ నీతోని ఏమన్నదో నాకు తెల్సు అన్నా. నాతో గూడ అన్నది," అంది సుభాషిణి. "నువ్వు చెయ్యి ఇస్తే ఆయన ఈ ఎండాకాలం దాటడు. ఇయ్యకపోతే ఇంట్ల మనవరాలితోని ఆడుకుంటడు. నీ చేతిలోనే ఉంది, ఆలోచించు."

వెళ్ళేటప్పుడు ఆమె గౌరి చేతులు పట్టుకుని, "వదినా, అన్నను మంచిగ చూసుకో. చాలా పెద్ద మనసు," అంది.

మర్నాడు కార్యవర్గం నిండుగా కూర్చుంది. హాలులో గాలి శుద్ధి చేసే యంత్రాలు బుసకొడుతున్నాయి. దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. పెద్దాయన అందరికంటే ముందే వచ్చి, ఎవరూ లేనప్పుడు రాజగోపాల్ చేతి ఆసరాతో కూర్చున్నారు. ఆ రోజు హుషారుగా ఉన్నారు. గడ్డం నున్నగా గీయించుకున్నారు. జేబులోంచి ఒక ఏలకుకాయ తీసి రాజగోపాల్‌కు ఇచ్చారు.

"నోట్లో వేసుకో. నువ్వు ఆవలిస్తే నాకూ ఆవలింత వస్తుంది."

రాజగోపాల్ దాన్ని నోట్లో వేసుకున్నాడు.

గంటసేపు ఓటమి మీద చర్చ జరిగింది. ఒక్కొక్కరూ ఆయన పేరెత్తకుండా ఆయన గురించే మాట్లాడారు. కాలం మారిందన్నారు. యువతరం అన్నారు. కొత్త రక్తం అన్నారు. పెద్దాయన గోడమీది గడియారాన్ని చూస్తూ విన్నారు. అప్పుడు త్యాగి తన బాలీసు పక్కకు నెట్టి ముందుకు జరిగాడు.

"అధ్యక్షజీ, ఏక్ ప్రస్తావ్ హై," అన్నాడు, తీర్మానం కాగితం బయటికి తీస్తూ.

పెద్దాయనకు అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు. ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి. కుడిచేత్తో కండువా సర్దుకున్నారు. ఎడమచేత్తో బాలీసు మీద రెండుసార్లు తట్టారు.

రాజగోపాల్ ఫైలు వైపు చూశాడు.

త్యాగి మాట్లాడుతున్నాడు. పార్టీ ఆయనకు రుణపడి ఉందంటున్నాడు. ఆయన ఆరోగ్యం పార్టీ ఆస్తి అంటున్నాడు. పెద్దాయన చెయ్యి మళ్ళీ రెండుసార్లు తట్టింది. ఈసారి కొంచెం గట్టిగా. రాజగోపాల్ ముంజెయ్యి దానంతటదే కదిలింది. అలవాటు పడ్డ చెయ్యి అది. దాన్ని ఫైలు కింద పెట్టి, ఫైలు మీద రెండో చెయ్యి పెట్టి నొక్కి ఉంచాడు. అయిదు నిమిషాలు, అనుకున్నాడు. బొత్తాలు పెట్టుకోలేక ఏడ్చిన మనిషిని తలచుకున్నాడు. జానకీదేవిని తలచుకున్నాడు. ఎంతమందిని తలచుకున్నా ఆ చెయ్యి తట్టడం మానలేదు.

"రాజగోపాలం," అన్నారు పెద్దాయన. తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలకుండా అన్నారు.

నోట్లో ఏలకుకాయ ఇంకా అలాగే ఉంది. రాజగోపాల్ దాన్ని నాలుక కింద దాచుకున్నాడు.

అప్పుడు పెద్దాయన గట్టిగా, అందరికీ వినిపించేలా హిందీలో అన్నారు. "సభ ముగిసింది."

ఎవరూ లేవలేదు. త్యాగి చేతులు జోడించాడు. అతని గొంతులో వెటకారం లేదు, గౌరవం తొణికిసలాడుతోంది.

"అధ్యక్షజీ, మన రివాజు మీకు తెలియనిదా? మీరు నిలబడితే కదా సభ ముగిసేది. నిలబడండి. మేమందరం మీ వెనకే లేస్తాం."

అప్పుడు రాజగోపాల్‌కు తెలిసిపోయింది, అక్కడున్న వాళ్ళందరికీ సంగతి తెలుసునని. సుభాషిణి అందరికీ చెప్పింది. అందరూ ఆయన మోకాళ్ళకేసే చూస్తున్నారు. అయిదు నిమిషాలు మౌనంగా ఉంటే ఎవరికీ తెలియకుండా గడిచిపోతుందనుకున్నది తనొక్కడే.

పెద్దాయన ఆ చూపులన్నీ చూశారు. తర్వాత మెడ తిప్పి, వెనక్కి, రాజగోపాల్ ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే బాగుండేది. ఆయన లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా చూసి, మళ్ళీ ముందుకు తిరిగారు. ఎడమచెయ్యి బాలీసు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అది వణుకుతోంది. దాన్ని కండువాలో దాచుకోలేదు.

తీర్మానం నెగ్గింది. వ్యతిరేకించిన చేతులు నాలుగు లేచాయి. అవి కూడా పూర్తిగా లేవలేదు.

ఆ తర్వాత జరిగినదానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. సుభాషిణి పేరు ప్రతిపాదించారు. కొత్త అధ్యక్షురాలు లేచి నిలబడింది. ఆమె లేచింది కనుక అందరూ లేచారు. తలుపులు తెరుచుకున్నాయి. కెమెరాలు లోపలికి వచ్చాయి. రాజగోపాల్ ఉలిక్కిపడి ముందుకు జరిగాడు కానీ, దండలు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో వచ్చిపడ్డ జనం అతనికీ పెద్దాయనకూ మధ్య గోడ కట్టేశారు. "జరగండి, జరగండి," అంటూ వాళ్ళ నడుముల మధ్య నుంచి చెయ్యి దూర్చాడు. ఆ చెయ్యి ఆయన దాకా అందలేదు.

నిలబడ్డ అంతమంది కాళ్ళ మధ్య సదాశివరావు గారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. లైట్లు ఆయన మీద పడ్డాయి. లేవాలనుకున్నారు. రెండు చేతులూ పరుపు మీద ఆనించి, పాకే పిల్లవాడిలా ఒక మోకాలు ముందుకు తెచ్చారు. రెండో మోకాలు రాలేదు. దుప్పటి జారింది. ఆయన ముందుకు పడి, నుదురు పరుపుకు తగిలి, అలాగే ఉండిపోయారు.

"అరే, కుర్సీ లావ్ భాయీ," అన్నాడు త్యాగి, నిజమైన ఆదుర్దాతో.

ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. నలుగురు పట్టుకుని లేపి కూర్చోబెట్టారు. సుభాషిణి వచ్చి ఆయన పాదాలకు దణ్ణం పెట్టింది. కెమెరాలు ఆ దణ్ణాన్ని తీసుకున్నాయి. ఆమె నిలబడి, కళ్ళు తుడుచుకుని, అందరివైపూ తిరిగింది.

"పదండి," అంది. "అన్నాలు చల్లారిపోతయ్."

అందరూ నవ్వారు. అంతసేపు ఊపిరి బిగబట్టిన మనుషులు నవ్వే నవ్వు అది. భోజనాల వైపు కదిలారు.

హాలు ఖాళీ అయ్యాక రాజగోపాల్ ఆయన దగ్గరకు వెళ్ళి ముంజెయ్యి చాపాడు. పెద్దాయన ఆ చేతిని చూశారు. పరుపులు చుట్టడానికి వచ్చిన పనివాడిని, "భయ్యా, జరా హాథ్ దేనా," అని చెయ్యి అందించమని పిలిచి, అతని భుజం పట్టుకుని లేచారు. చెప్పులు తొడుక్కోవడానికి కూడా అతనే సాయం చేశాడు. వాళ్ళిద్దరూ తలుపు దాటేదాకా రాజగోపాల్ చెయ్యి అలాగే చాచి ఉంది.

సాయంత్రం హాసిని ఫోను పట్టుకుని గదిలోంచి వచ్చింది. పార్టీవాళ్ళే లోపల తీసిన వీడియో ఎలాగో బయటికి వచ్చింది. దానికి ఎవరో డప్పుల సంగీతం కూడా కలిపారు. పెద్దాయన తడుతున్న చెయ్యి ఒక్కటే పెద్దది చేసి మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. ఆ చేతి వెనక ఫైలు పట్టుకుని కూర్చున్న మనిషి ఉన్నాడు. అతను ఆ చేతిని చూస్తాడు. తర్వాత చూపు తిప్పుకుంటాడు.

"పాపా, యే ఆప్ హో నా?" అంది హాసిని, ఆ మనిషిని వేలితో చూపించి.

"అవును."

"వో ఆప్‌కో బులా రహే థే?" ఆయన పిలుస్తున్నది నాన్ననేనా అని.

రాజగోపాల్ తెర మీంచి చూపు తిప్పుకున్నాడు. ఆమె ఇంకోసారి వీడియో చూసి, నిన్న సుభాషిణితో తీసుకున్న సెల్ఫీ తీసేసి, తన గది తలుపు వేసుకుంది.

అతను జానకీదేవికి ఫోన్ చేశాడు. ఆవిడకైనా అర్థమవుతుందనుకున్నాడు.

"అమ్మగారూ, మీరు అన్నారని—"

"ఇంటికి తీసుకురమ్మన్నాను నాయనా," అంది జానకీదేవి. గొంతు పెంచలేదు. "ఇలా తెమ్మనలేదు." "నుదురు కమిలింది. పసుపు రాస్తున్నాను, ఉంటా," అని పెట్టేసింది.

కొత్త అధ్యక్షురాలు రాజగోపాల్‌ను మరచిపోలేదు. మర్నాడే పిలిపించి, అదే గది, అదే హోదా ఉంటాయని చెప్పింది. సమావేశాల హాలులో పరుపులు తీయించి కుర్చీలు వేయిస్తున్నారు.

"తలుపులు మూసి ఉంటాయన్నావు కదమ్మా," అన్నాడు రాజగోపాల్.

"మీడియావాళ్ళు తోసుకొచ్చిన్రు. నేనేం చేత్త అన్నా," అంది ఆమె, కాగితాల మీద సంతకాలు పెడుతూనే. అతను వెళ్ళబోతుంటే పిలిచింది. "ఇంకొకటి. మీటింగులల్ల నువ్వు నా ఎనక కూర్చోకు. ముంగట ఏడన్న కూర్చో, నాకు కనపడేటట్టు. ఏమనుకోకు."

గౌరవ అధ్యక్ష పదవి గురించి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. బంగళా పార్టీది కాబట్టి నెలలోపల ఖాళీ చేయించారు. సదాశివరావు గారు వసంత్ కుంజ్‌లో కింది అంతస్తు ఫ్లాటు ఒకటి అద్దెకు తీసుకున్నారని, ముందు కొంచెం ఖాళీ స్థలం ఉందని, ఆదివారం పూట జనం వెళ్ళి చూస్తున్నారని రాజగోపాల్ విన్నాడు. చాలా ఆదివారాలు వెళ్ళాలనుకుని మానేశాడు. వేసవి మొదట్లో వెళ్ళాడు.

జనం వరసలో ఉన్నారు. పక్క యూనివర్సిటీ తెలుగు విద్యార్థులు, సివిల్స్‌కు చదువుకుంటూ ఇరుకు గదుల్లో ఉండే పిల్లలు, ఘాజియాబాద్ నుంచి బస్సెక్కి వచ్చిన ఆడవాళ్ళు. షామియానా కింద జానకీదేవి సాంబారు వడ్డిస్తోంది. సదాశివరావు గారు చక్రాల కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో బాహాటంగా వణుకుతున్నాయి. ఎవరూ వాటికేసి చూడటం లేదు, లేదా చూసి ఊరుకుంటున్నారు. ఒక ముసలమ్మ ఆ వణికే చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. "మా ఆయనకూ ఇదే, బాబూజీ," అని హిందీలో చెప్పింది. ఆయన ఆవిడ భర్త పేరడిగి, ఏ మందు వాడుతున్నారో కనుక్కున్నారు.

కొంచెంసేపటికి విద్యార్థులు గుంపు ఫోటో అడిగారు. "నిలబడి తీయించుకుందామమ్మా, పట్టుకో," అన్నారాయన. ప్రవల్లిక అనే అమ్మాయి ఒక మోచెయ్యి, ఇంకెవరో రెండో మోచెయ్యి పట్టుకున్నారు. "సార్, ఒకటి, రెండు," అని నవ్వుతూ లెక్కపెట్టి, అందరి ఎదుటా, ఎంత కష్టమో అంత కష్టంగానే ఆయన్ను లేపారు. జనం చప్పట్లు కొట్టారు. ఇంతేనా, అనుకున్నాడు రాజగోపాల్. రెండేళ్ళు తామిద్దరూ దాచింది దీన్నేనా. దాచి ఉండకపోతే ఎవరి దగ్గరా దీనికి విలువే ఉండేది కాదు.

వరస కదిలి అతని వంతు వచ్చింది. వంగి దణ్ణం పెట్టాడు. పెద్దాయన తల ఎత్తి చూశారు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఏదీ మరచిపోయిన కళ్ళు కావు అవి.

"ఏ ఊరండీ మీది?" అని అడిగారు.

వెనకవాళ్ళు జరగమంటున్నారు. "దర్శి దగ్గరండీ. ముండ్లమూరు."

"ముండ్లమూరు." ఆయన గుర్తు చేసుకుంటున్నట్టు తల ఊపారు. ఊరు చెబితే అక్కడి మనిషి పేరు చెప్పడం ఆయనకు అలవాటు. రాజగోపాల్ ఆ పేరు కోసం నిలబడ్డాడు.

"అక్కడ నాకు తెలిసినవాడు ఒకడుండేవాడు," అన్నారు సదాశివరావు గారు. "ఇప్పుడు లేడు."

"అయ్యా—"

"భోజనం చేసి వెళ్ళండి," అన్నారాయన, ఎంతో మర్యాదగా. "అన్నాలు చల్లారిపోతాయి." అని వెనకనున్న మనిషి వైపు తిరిగారు. "రామ్మా, నీదే ఊరు?"

రాజగోపాల్ షామియానా కిందికి వెళ్ళి విస్తరాకు పట్టుకుని నిలబడ్డాడు. జానకీదేవి అతన్ని చూసింది. అందరికీ వేసినంతే వేసి, తర్వాతి విస్తరాకు వైపు గరిటె తిప్పింది. అతను ఒక మూలకు వెళ్ళి కూర్చుని ముద్ద కలిపాడు. అన్నం వేడిగానే ఉంది.